గతుకుల రోడ్ల మీద స్పోర్ట్స్ కారు: సస్పెన్షన్ ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో స్పోర్ట్స్ కారు నడుపుతున్నవారు, కొనాలనుకుంటున్నవారు ఒకే రకమైన సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నందువల్ల వాటిని ఒకచోట చేర్చడం జరిగింది. వారమంతా మారతహళ్లి, సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్ వైపు ఆఫీసుకు తిరిగి, సెలవుల్లో అదే కారులో తిరుపతికో అనంతపురానికో హార్స్‌లీ హిల్స్‌కో వెళ్లే తెలుగువారిని దృష్టిలో ఉంచుకుని ఈ జవాబులు రాశాను. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కారు కొనే ముందు

స్పోర్ట్స్ కారు అంటేనే కుదుపు కదా, సుఖంగా ఉండేది అసలు ఉంటుందా?

తప్పకుండా ఉంటుంది. చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరాన్ని మెకానిక్కులు ట్రావెల్ అంటారు. గుంతలో దిగిన చక్రం తిరిగి పైకి లేచేటప్పుడు ఆ దూరం చాలకపోతే సస్పెన్షన్ చివరి రబ్బరు స్టాప్‌కు కొట్టుకుంటుంది. మన నడుముకు తగిలే దెబ్బల్లో అతి కఠినమైనది అదే. స్ప్రింగు కాస్త గట్టిదైనా ట్రావెల్ చాలినంత ఉండి, స్ప్రింగు ఊగడాన్ని అణచే షాక్ అబ్జార్బర్ దానికి సరిగ్గా కుదిరితే కారు గతుకులను హుందాగా దాటుతుంది. లోటస్ సంస్థ తేలికైన కార్లకు మెత్తటి స్ప్రింగులు, ఎంతో శ్రద్ధగా సరిచూసిన షాక్ అబ్జార్బర్లు వాడి మలుపుల్లో పేరు తెచ్చుకుంది. ఆల్పీన్ ఏ110లో ట్రావెల్ చివర హైడ్రాలిక్ స్టాప్‌లు ఉండడం వల్ల దెబ్బ ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గుతూ ఆగుతుంది. 2021లో మన దేశంలో విడుదలై చెన్నై దగ్గరి తిరువళ్లూరులో తయారైన సిట్రోయెన్ సీ5 ఎయిర్‌క్రాస్ స్పోర్ట్స్ కారు కాకపోయినా, అందులోనూ ఇదే ఆలోచన ఉంది. అందువల్ల ఏ కారునైనా, ఏ సస్పెన్షన్ కిట్‌నైనా చూసేటప్పుడు ముందుగా ఆలోచించవలసింది ట్రావెల్ గురించే.

షోరూమ్ వాళ్లు మంచి రోడ్డు మీదే తిప్పి పంపేస్తున్నారు. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

మీరు రోజూ వెళ్లే దారిలోనే నడుపుతానని మర్యాదగా, గట్టిగా అడగండి; లక్షలు పోసి కొనేవారికి ఆ హక్కు ఉంది. గంటకు 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంలో ఒక వైపు చక్రాలు మాత్రమే గతుకులో పడేలా నడిపినప్పుడు తల పక్కకు విసిరినట్టు ఊగుతోందా అని గమనించండి. స్పీడ్ బ్రేకర్ దిగాక కారు ఒక్కసారి కుదిరి నిలవాలి. రెండు మూడుసార్లు ఊగితే షాక్ అబ్జార్బర్ చాలడం లేదని అర్థం. వెనుక సీటులో ఇంట్లోవారిని కూర్చోబెట్టి వారి మాట వినండి. డ్రైవరుకు తెలియని కుదుపు అక్కడ బాగా తెలుస్తుంది.

గ్రౌండ్ క్లియరెన్స్ ఎంత ఉంటే మన స్పీడ్ బ్రేకర్లు దాటవచ్చు?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం కట్టిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉంటుంది. 2.65 మీటర్ల వీల్‌బేస్ (ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం) ఉన్న కారు దాని మధ్యలో నిలిచినప్పుడు నాలుగు చక్రాలూ ఆ వంపు మీదే ఉంటాయి కనుక కారు అడుగుభాగం వైపు పొడుచుకువచ్చే ఎత్తు లెక్క ప్రకారం 52 మిల్లీమీటర్లే. అంటే సరిగా కట్టిన స్పీడ్ బ్రేకర్ ఏ స్పోర్ట్స్ కారునూ ఆపదు. మన లేఅవుట్లలో, గల్లీల్లో సిమెంటుతో ఇరుగ్గా, నిటారుగా పోసినవే అసలు చిక్కు. వాటి ముందు మొత్తం 10 సెంటీమీటర్ల ఎత్తూ అడుగుభాగానికి ఎదురవుతుంది, దాని మీద స్ప్రింగులు కుంగే దూరం కూడా కలుస్తుంది.

అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంపును కూడా కొలుచుకోవాలి. అదే వీల్‌బేస్‌తో 110 మిల్లీమీటర్ల క్లియరెన్స్ ఉన్న కారు దాటగలిగే మలుపు కోణం సుమారు 9.5 డిగ్రీలు. ఆరుకు ఒకటి వాలున్న ర్యాంపు కోణం కూడా దాదాపు అంతే కాబట్టి ర్యాంపు పైఅంచు పదునుగా ఉంటే కారు పొట్ట ఒరుసుకుంటుంది. క్లియరెన్స్ 140 మిల్లీమీటర్లయితే ఆ కోణం 12 డిగ్రీలకు పెరుగుతుంది.

అడాప్టివ్ సస్పెన్షన్ ఆప్షన్‌కు అంత డబ్బు పెట్టడం అవసరమా?

నగరంలోనూ హైవే మీదా ఒకే కారు వాడేవారికి ఇది పెట్టదగిన ఖర్చేనని నా అభిప్రాయం. 2002లో క్యాడిలాక్ సెవిల్‌తో మార్కెట్లోకి వచ్చిన మాగ్నరైడ్ వంటి వ్యవస్థల్లో షాక్ అబ్జార్బర్‌లోని ద్రవం అయస్కాంత ప్రభావంతో కొన్ని మిల్లీసెకన్లలోనే చిక్కబడి, పలచబడుతుంది. మరికొన్ని కార్లలో కవాటాలను కంప్యూటరు నడుపుతుంది. అయితే ఇవి మార్చేది డ్యాంపింగ్‌ను, అంటే ఊగడాన్ని అణచే బలాన్ని మాత్రమే. స్ప్రింగు గట్టిదనం, ట్రావెల్ మారవు. పాడైతే ఒక్కో షాక్ అబ్జార్బర్ ధర మామూలుదానికి ఎన్నో రెట్లుంటుంది కనుక కొనే రోజునే విడిభాగం ధర అడిగి తెలుసుకోవాలి. ముందుభాగం తగిలే భయమే మీ బాధ అయితే, పోర్షె 911లో ముందు ఇరుసును సుమారు 40 మిల్లీమీటర్లు పైకెత్తే సదుపాయం వంటిది ఉన్న కారు చూసుకోవడం మేలు.

17 అంగుళాల చక్రాలు తీసుకోవాలా, 19 తీసుకోవాలా?

రోడ్డు బాగోనిచోట చిన్న చక్రమే సరైనది. 205/55 ఆర్ 16 టైరు పక్కగోడ ఎత్తు సుమారు 113 మిల్లీమీటర్లు. 225/45 ఆర్ 17కు 101, 225/40 ఆర్ 18కు 90, 225/35 ఆర్ 19కు 79. నాలుగింటి మొత్తం వ్యాసం దాదాపు సమానమే, అయినా పెద్ద చక్రానికి మారిన ప్రతిసారీ గాలితో నిండిన పది మిల్లీమీటర్లు లోహంగా మారిపోతున్నాయి. నీళ్లు నిండి లోతు తెలియని గుంతలో పడినప్పుడు రిమ్ వంగుతుందా లేదా అన్నది తేల్చేవి ఆ పది మిల్లీమీటర్లే. బ్రేక్ క్యాలిపర్ పట్టే అతిచిన్న చక్రం ఏదో తెలుసుకుని, దొరికితే తేలికైన ఫోర్జ్‌డ్ చక్రాన్ని ఎంచుకోండి. చక్రం బరువు తగ్గితే షాక్ అబ్జార్బర్‌కు దాన్ని అదుపు చేయడం సులువవుతుంది.

## ఉన్న కారే కుదుపుతున్నప్పుడు

కొన్నప్పుడు బాగానే ఉండేది, ఇప్పుడు ప్రతి గుంతా నడుముకు తగులుతోంది. షాక్ అబ్జార్బర్లు పోయినట్టేనా?

కావచ్చు, కానీ ముందుగా చవకైన భాగాలను చూడాలి. గతుకుల్లో నెమ్మదిగా వెళ్తుంటే టక్ టక్‌మని చిన్న చప్పుడు వస్తే చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్ వదులై ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు ఒక్కసారి దడ్‌మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కారుకు పట్టి ఉంచే కింది కడ్డీ) కీలులోని రబ్బరు బుష్‌ను, స్టీరింగ్ తిప్పినప్పుడు కిర్రుమంటే షాక్ అబ్జార్బర్‌ను పైన కారుకు బిగించే స్ట్రట్ మౌంట్‌ను అనుమానించాలి. షాక్ అబ్జార్బర్ సంగతి దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. పైభాగంలో పలచటి నూనె చెమ్మ మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు; నూనె ధారగా కారి, దానికి ధూళి అంటుకుని నల్లటి పేస్టులా కింది కప్పు వరకు పట్టి ఉంటే అది పనిచేయడం లేదు. రబ్బరు బంప్ స్టాప్ తునకలై, దాని మీది డస్ట్ బూటు చిరిగి ఉందేమో కూడా చూడమనండి. ఆ చిన్న ముక్క లేకపోవడం వల్లే కొత్త షాక్ అబ్జార్బర్లు కూడా త్వరగా పాడవుతాయి.

టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే మెత్తగా ఉంటుంది కదా?

తలుపు పక్క స్టిక్కరు మీద రాసిన ఒత్తిడికన్నా తగ్గించవద్దు. పక్కగోడ తక్కువున్న టైరులో గాలి తగ్గితే గుంత అంచుకూ రిమ్‌కూ మధ్య టైరు నలిగి తెగుతుంది. పెట్రోలు బంకుల్లో అడగకుండానే ఎక్కువ గాలి కొట్టడం మాత్రం చాలా సాధారణం. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడు సొంత గేజుతో చూసుకుని, ఎక్కువుంటే సరిచేయడం వల్ల వచ్చే తేడా ఆశ్చర్యపరుస్తుంది.

రన్‌ఫ్లాట్ టైర్లు తీసేసి మామూలువి వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కుదుపు స్పష్టంగా తగ్గుతుంది. గాలి లేకుండా కారు బరువును మోయడానికి రన్‌ఫ్లాట్ పక్కగోడలను గట్టిగా తయారుచేస్తారు; ఆ గట్టిదనమే చిన్న గతుకులను సీటు దాకా తెస్తుంది. నాలుగూ ఒకేసారి మార్చాలి, లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకోగల వేగం) తగ్గకూడదు. రన్‌ఫ్లాట్లతో వచ్చిన చాలా కార్లలో స్టెప్నీ ఉండదు కనుక పంక్చర్ కిట్, గాలి పంపు, వీలైతే చిన్న స్టెప్నీ ఏర్పాటు చేసుకున్నాకే రాత్రిపూట హైవే ఎక్కండి.

గుంతల్లో పరవాలేదు గానీ కాంక్రీట్ రోడ్ల మీద అదేపనిగా దడదడ ఎందుకు?

మనిషి శరీరం నిలువు కంపనాల్లో 4 నుంచి 8 హెర్ట్జ్ (సెకనుకు 4 నుంచి 8 సార్లు) మధ్య ఉన్నవాటికి ఎక్కువగా ఇబ్బంది పడుతుంది. ఉదాహరణకు కాంక్రీట్ రోడ్డు మీద 4.5 మీటర్లకొక జాయింట్ ఉంటే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు ఆరుసార్లకు పైగా తట్టు తగులుతుంది. అది సరిగ్గా మనకు పడని పరిధి. 60 కిలోమీటర్ల వేగంలో అది నాలుగుకన్నా తగ్గుతుంది. ఒక నిర్దిష్ట వేగం దగ్గరే దడ ఎక్కువై, పది కిలోమీటర్లు అటూ ఇటూ మార్చగానే తగ్గితే తప్పు కారుది కాదు. అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉంటే టైరు ఒత్తిడి, షాక్ అబ్జార్బర్, స్ట్రట్ మౌంట్ ఈ వరుసలో చూడాలి.

## భాగాలు ఎంచుకునేటప్పుడు

ముందు ఏది మార్చాలి, స్ప్రింగులా, షాక్ అబ్జార్బర్లా?

కారు వయసు పెరిగి, సౌకర్యమే మీ ఉద్దేశమైతే కంపెనీ స్ప్రింగులను అలాగే ఉంచి మంచి షాక్ అబ్జార్బర్లు వేయించండి. స్పోర్ట్స్ కారును ఎత్తు తగ్గించకుండా మెరుగుపరిచే దారి ఇదే. షాక్ అబ్జార్బర్లు తయారుచేసే బిల్‌స్టైన్‌లో బి4 కంపెనీవాటికి సమానమైన బదులు భాగం. బి6 కంపెనీ ఎత్తుకే, కంపెనీ స్ప్రింగులతోనే పనిచేస్తూ అదుపు పెంచేది. బి8 మాత్రం పొట్టి స్ప్రింగుల కోసం కురచ చేసినది, కాబట్టి గతుకుల రోడ్ల కోసం వెతికేవారికి అది తగదు. కోనీ అనే మరో సంస్థ తయారుచేసే స్పెషల్ యాక్టివ్‌లో చిన్న చిన్న వేగవంతమైన గతుకులకు మెత్తగానూ, కారు ఒళ్లు నెమ్మదిగా ఊగేటప్పుడు గట్టిగానూ పనిచేసే కవాటం ఉంటుంది. బెంగళూరు రోడ్లకు ఆ స్వభావం బాగా నప్పుతుంది. మీ మోడల్‌కు ఏది దొరికితే అది కొనడం కాకుండా, మీ కారు స్ప్రింగు కోసం తయారైన పార్ట్ నంబరు ఉన్నదే కొనాలి.

స్ప్రింగు గట్టిదనాన్ని అంకెల్లో ఎలా పోల్చుకోవాలి?

స్ప్రింగు పెట్టె మీద రాసిన అంకెను నేరుగా పోల్చకూడదు. స్ప్రింగు చక్రం దగ్గర కాక ఆర్మ్ మధ్యలో ఉంటే, చక్రం దగ్గర తెలిసే గట్టిదనం, స్ప్రింగు కదిలే దూరానికీ చక్రం కదిలే దూరానికీ ఉన్న నిష్పత్తి వర్గంతో తగ్గుతుంది. పోల్చదగినది కారు సహజంగా ఊగే వేగం. మామూలు కార్లు సెకనుకు 1 నుంచి 1.5 సార్లు, రోడ్డు మీద నడిచే స్పోర్ట్స్ కార్లు సుమారు 1.5 నుంచి 2 సార్లు ఊగేలా ఉంటాయి. ఒక చక్రం మీద 350 కిలోల బరువుండి, చక్రం దగ్గర గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లయితే ఆ వేగం 1.35 హెర్ట్జ్, దాన్ని 60 న్యూటన్లకు పెంచితే 2.1 హెర్ట్జ్. ఆ రెండో కారును సర్జాపుర రోడ్డు మీద రోజూ నడపమని నేను ఎవరికీ చెప్పను.

కారు ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేస్తే చూడ్డానికి బాగుంటుంది. ముప్పై మిల్లీమీటర్లు తగ్గితే ఏమంత నష్టం?

పైకి లేవడానికి 70 మిల్లీమీటర్ల చోటున్న కారును 30 మిల్లీమీటర్లు దించితే మిగిలేది 40. అంత తక్కువ దూరంలో అదే గుంత దెబ్బను ఆపాలంటే స్ప్రింగు గట్టిదై తీరాలి, లేదంటే ప్రతిసారీ బంప్ స్టాప్ కొట్టుకుంటుంది. గతుకుల రోడ్డు మీద ఈ రెండూ బాధే. దీనికి తోడు ఆర్మ్‌లు, డ్రైవ్ షాఫ్ట్‌లు తమ కోణం మారి అరుగుతాయి, ముందు బంపరు ర్యాంపులకు తగులుతుంది. దించకుండా ఉండలేనంటే 10, 15 మిల్లీమీటర్లతో ఆపి, దానికి తగిన కురచ బంప్ స్టాప్‌లు కూడా వేయించండి.

ట్విన్ ట్యూబ్ (రెండు గొట్టాల) షాక్ అబ్జార్బర్ మంచిదా, మోనో ట్యూబ్ (ఒకే గొట్టం ఉన్నది) మంచిదా?

మోనో ట్యూబ్‌లో నూనె, అధిక పీడనంలో ఉన్న నైట్రోజన్ వేర్వేరుగా ఉండడం వల్ల నూనె నురగ కట్టదు, వేడి త్వరగా బయటికి పోతుంది. నంది హిల్స్ ఘాట్ మీద ఎంతసేపు నడిపినా పట్టు సడలదు. అయితే పిస్టన్ బయటి గొట్టాన్నే ఆనుకుని కదులుతుంది కనుక రాయి ఎగిరి తగిలి సొట్ట పడితే అక్కడే పట్టేయవచ్చు. ట్విన్ ట్యూబ్‌లో లోపలి గొట్టం వేరుగా ఉంటుంది కాబట్టి చిన్న సొట్టను తట్టుకుంటుంది, ఒత్తిడి తక్కువ కాబట్టి చిన్న గతుకుల మీద మృదువుగా మొదలవుతుంది, ధర కూడా తక్కువ. రోజంతా నగరంలోనే తిరిగే కారుకు నాణ్యమైన ట్విన్ ట్యూబ్ చాలు.

కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి వచ్చే, ఎత్తు మార్చుకోగల కిట్లు) వేసుకుంటే మెత్తగా, గట్టిగా మనమే తిప్పుకోవచ్చు కదా?

పైనున్న మీట తిప్పితే మారేది డ్యాంపింగ్ మాత్రమే. గట్టి స్ప్రింగు ఉన్న కిట్‌లో మీటను మెత్తవైపు పూర్తిగా తిప్పితే కుదుపు తగ్గదు, దానికి ఊగడం కూడా తోడవుతుంది. చవక కిట్‌లలో స్ప్రింగులు రేస్ ట్రాక్ కోసం అన్నట్టు గట్టిగా, ట్రావెల్ తక్కువగా ఉంటుంది. కొనాలనుకుంటే స్ప్రింగు గట్టిదనాన్ని ఎంచుకునే వీలున్నది, కింది బ్రాకెట్ తిప్పి ట్రావెల్ తగ్గకుండా ఎత్తు మార్చగలిగేది చూడండి. వానల్లో బురద పట్టి మరలు బిగుసుకుపోతాయి. చెన్నై సముద్రగాలిలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. సౌకర్యమే లక్ష్యమైతే ఈ డబ్బును టైర్లకూ మంచి షాక్ అబ్జార్బర్లకూ పెట్టమంటాను.

మలుపుల్లో ఒరగకుండా లావు యాంటీ రోల్ బార్ వేయిస్తే?

ఎదురెదురు చక్రాలను ఈ కడ్డీ ఒకదానికొకటి కడుతుంది. ఒక చక్రం గుంతలో పడితే రెండోదాన్ని కూడా లాగుతుంది కాబట్టి కడ్డీ లావైనకొద్దీ తల అటూ ఇటూ ఊగడం పెరుగుతుంది. గతుకులు ఎప్పుడూ ఒకవైపే ఎక్కువగా ఉండే మన వీధులకు కంపెనీ కడ్డీనే మేలు.

పాలియురేథేన్ బుష్‌లు ఎక్కువకాలం మన్నుతాయట, నిజమేనా?

మన్నుతాయి. కానీ రోడ్డు చప్పుడు, సన్నటి కంపనం లోపలికి వస్తాయి, కొన్నింటికి ఏటా గ్రీజు పెట్టించాలి. రోజువారీ కారుకు కొత్త కంపెనీ రబ్బరు బుష్‌లే వేయించండి.

స్ప్రింగు చుట్ల మధ్య రబ్బరు బఫర్లు పెట్టిస్తే కారు ఎత్తు పెరుగుతుందంటున్నారు.

పెరుగుతుంది, అయితే ఆ చుట్లు కదలకుండా ఆగిపోతాయి. మిగిలిన చుట్లే మొత్తం పని చేయవలసి రావడంతో స్ప్రింగు గట్టిపడుతుంది, బఫరు అంచు దగ్గర ఒత్తిడి పేరుకుని కాలక్రమంలో అక్కడే విరిగే ప్రమాదముంది. స్ప్రింగులు కుంగిపోయి కారు దిగిందనిపిస్తే ఫెండరు అంచు నుంచి చక్రం మధ్యకు నాలుగువైపులా కొలిచి, కుంగిన ఇరుసుకు కొత్త స్ప్రింగుల జత వేయించడమే సరైన వైద్యం.

## బిగించేటప్పుడు

బెంగళూరు జేసీ రోడ్డులోని విడిభాగాల దుకాణాల్లో షాక్ అబ్జార్బర్లు తక్కువ ధరకు దొరుకుతున్నాయి, తీసుకోవచ్చా?

అక్కడ అసలైనవీ దొరుకుతాయి, నకిలీలూ దొరుకుతాయి. బిల్లు, పెట్టె మీది పార్ట్ నంబరు, భాగం మీద చెక్కిన నంబరు ఒకటేనా అని చూసి, తయారీదారు వెబ్‌సైటులో మీ మోడల్, సంవత్సరంతో సరిపోల్చండి. పాతదాన్ని రంగు వేసి అమ్మేవాటిని రాడ్డు మీది గీతలు పట్టిస్తాయి. కొత్త రాడ్డు అద్దంలా నున్నగా ఉండాలి. ఒక ఇరుసుకు రెండూ కలిపే కొనాలి.

మెకానిక్‌కు ప్రత్యేకంగా ఏం చెప్పాలి?

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఒకటుంది: ఆర్మ్ బుష్‌ల బోల్టులను కారు లిఫ్టు మీద, చక్రాలు వేలాడుతుండగా చివరి బిగింపు బిగించకూడదు. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో పట్టుకుపోతుంది. చక్రం కదిలినప్పుడల్లా రబ్బరు మెలిపడి సాగుతుంది. చక్రం వేలాడే స్థితిలో బిగిస్తే, కారును నేలకు దించగానే రబ్బరు అప్పటికే మెలిపడి ఉంటుంది, ఆ మెలిక అదనపు స్ప్రింగులా పనిచేసి కారును గట్టిగా చేస్తుంది, కొద్దికాలానికే బుష్ చిరుగుతుంది. కొత్త భాగాలు వేశాక కూడా కుదుపు తగ్గలేదని వాపోయేవారి కార్లలో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి కారు బరువు చక్రం మీద పడినప్పుడు ఉండే ఎత్తుకు తెచ్చి, టార్క్ రెంచ్‌తో బిగించమని చెప్పండి, దగ్గర నిలబడి చూడండి. స్ట్రట్ మౌంట్, బేరింగ్, బంప్ స్టాప్, డస్ట్ బూటు కొత్తవే వేయించండి. విప్పే కూలి ఎలాగూ ఒకసారే.

ఆర్‌టీఓతో గానీ ఇన్సూరెన్స్‌తో గానీ చిక్కులు వస్తాయా?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అనుమతి లేని మార్పుకు సెక్షన్ 182ఎ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. కంపెనీ ఎత్తులోనే, కంపెనీ ప్రమాణానికి తగిన షాక్ అబ్జార్బర్ వేయడం మరమ్మతు కిందికే వస్తుంది. కారును దించడం, ఎత్తడం వంటివి చేసేముందు ఆర్‌టీఓ కార్యాలయంలో, బీమా సంస్థ దగ్గర రాతపూర్వకంగా అడగడం మంచిది. వారంటీ ఉన్న కారైతే డీలరును కూడా అడగాలి.

## బిగించిన తర్వాత

ట్రావెల్ చాలుతోందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?

షాక్ అబ్జార్బర్ రాడ్డుకు సన్నటి ప్లాస్టిక్ జిప్ టై ఒకటి, చేత్తో నెడితే కదిలేంత బిగువుగా చుట్టి కిందికి జరపండి. డస్ట్ బూటు ఉంటే దాన్ని తాత్కాలికంగా పైకి తోయాలి. మీ మామూలు దారిలో ఒక రోజు తిరిగాక, రాడ్డు లోపలికి వెళ్లినప్పుడు షాక్ అబ్జార్బర్ గొట్టం పైఅంచు ఆ టైని ఎంతవరకు తోసిందో కనిపిస్తుంది. టై బంప్ స్టాప్ రబ్బరును తాకకుండా ఆగితే బాగున్నట్టు. అప్పుడప్పుడు కాస్త తాకినా పరవాలేదు. రబ్బరులో సగానికి పైగా నొక్కుకుపోయి ఉంటే ఎత్తు పెంచాలి, లేదా కాస్త గట్టి స్ప్రింగు అవసరం. ఎంత ఖరీదైన కిట్ వేసినా ఈ చిన్న పరీక్ష చేయమని అందరినీ కోరుతున్నాను.

పండక్కి నలుగురం సామానుతో ఊరెళ్లేటప్పుడు వెనుక కింద తగులుతోంది. ఏం చేయాలి?

ఒక్కరే నడిపేటప్పుడు చక్కగా ఉన్న అమరిక నిండు బరువుతో మారిపోతుంది, వెనుక ట్రావెల్‌లో సగం ఆ బరువుకే ఖర్చవుతుంది. స్టిక్కరు మీద నిండు బరువుకు రాసిన ఒత్తిడికి గాలి పెంచండి, బరువైన సంచులను వెనుక సీటుకు దగ్గరగా పెట్టండి. పలమనేరు దాటి ఊరి రోడ్డెక్కాక స్పీడ్ బ్రేకర్‌ను నేరుగా కాక కాస్త ఏటవాలుగా ఎక్కితే పొట్ట తగిలే అవకాశం తగ్గుతుంది. కాయిలోవర్లు ఉన్నవారు ఎత్తును నలుగురు కూర్చున్నప్పుడే సరిచూసుకోవాలి.

వీల్ అలైన్‌మెంట్ (చక్రాల కోణాలను సరిచేయడం) ఎప్పుడెప్పుడు చేయించాలి?

సస్పెన్షన్ భాగం ఏది విప్పినా వెంటనే ఒకసారి, కొత్త స్ప్రింగులు కుదురుకున్నాక కొన్ని వందల కిలోమీటర్లకు మరోసారి చేయించాలి. ఎత్తు మారితే హెడ్‌లైట్ల గురి, ముందు కెమెరా ఉన్న కార్లలో దాని అమరిక కూడా సరిచేయించాలి. ఆ తర్వాత పెద్ద గుంతలో గట్టిగా పడి స్టీరింగ్ ఒకవైపుకు లాగినా, టైరు లోపలి అంచు అరుగుతున్నట్టు చేతికి తెలిసినా ఆలస్యం చేయవద్దు. వానాకాలం ముగిశాక ఎలాగూ ఒకసారి చూపించి, మారిన కొలతల ప్రింటును దాచుకోండి. మరుసటి ఏడు ఏ మూల వంగిందో ఆ కాగితమే చెబుతుంది.